పదకొండో సాంచ అంచు

గురువారం సాయంత్రం నాలుగూ పదికి సూరత్‌లోని భేస్తాన్‌లో సోమలింగం ఇంటి మెట్లెక్కాను. గడప బయట మూడు జతల రబ్బరు చెప్పులు, ఒక జత నల్ల బూట్లు ఉన్నాయి. బూట్ల మడమలకు మట్టి లేదు. ఈ గల్లీలో నడిచి వచ్చినవాడి బూట్లు అట్లా ఉండవు. కారు సందు మొదట్లో ఆపి, గట్టుమీదనే కాలు పెట్టుకుంటూ వచ్చిన మనిషి. ఎవరో నాకు తెలిసిపోయింది.

లోపలికి పోగానే సోమలింగం భార్య రాజమ్మ భర్త ఫోను నా చేతిలో పెట్టింది.

"కూసో అన్నా. నీళ్లు తర్వాత ఇస్త. ముందుగాల నా బిడ్డ ఏడున్నదో చెప్పు."

ఆమె కళ్లలో తడి లేదు. ఏడ్చిన ఇల్లులా కూడా లేదు. పొయ్యి మీద బియ్యం ఉడుకుతున్నాయి.

ముప్పై ఏళ్లు ఈ పేటలో సాంచాలు బాగుచేశాను. సాంచ అంటే మరమగ్గం, అది తెలంగాణ నుంచి నేత పనికి వచ్చిన మా జనం మాట. మోకాళ్లు అరిగాక ఆ పని మాని, మనవాళ్లలో తప్పిపోయిన మనుషులనూ దొంగిలించిన నూలునూ వెతికి పెడుతున్నాను. రెండు పనులకూ ఒకటే చూపు కావాలి. ఎక్కడ తెగిందో కనిపెట్టాలి.

ఇక్కడ తెగింది ఇది. సోమలింగం కూతురు నవతకు ఇరవై అయిదేళ్లు. రింగురోడ్డు మీద ఒక చీరల ఆఫీసులో డిజైన్లు గీస్తుంది. పంతొమ్మిది రోజుల కింద వీపు మీద ఒక్క బ్యాగు వేసుకొని మెక్సికో దేశం పోయింది. ఒక్కతే. వహాకా అనే ఊళ్లో ఉంటూ రోజూ తండ్రికి ఫోను చేసింది. ఆఖరిసారి మాట్లాడింది మంగళవారం పొద్దున ఏడు గంటలకు. తర్వాత మాట లేదు.

"ఎందుకు పోయింది?" అన్నాను.

"పువ్వుల కోసం," అంది రాజమ్మ. "ఆఫీసోళ్లు ఏవో పువ్వుల ఫోటోలిచ్చి గీయమన్నరట. గీసింది. ఇవి ఎవలి పువ్వులు సార్ అంటే చెప్పలేదట. తనే వెతుక్కున్నది. ఆ దేశంల ఆడోళ్లు నడుముకు మగ్గం కట్టుకొని నేస్తరట అన్నా. వాళ్లను చూసొస్తనన్నది. మన గల్లీ నుంచి సముద్రం దాటిన ఆడపిల్ల ఎవతన్న ఉన్నదా? నా బిడ్డే."

"అదే కదా సమస్య," అని మూల కుర్చీలోంచి గొంతు వచ్చింది.

ఉమాకాంత్. పర్వత్ పాటియాలో ఏసీ పెట్టిన ఆఫీసు ఉంది. కార్డు మీద 'ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్' అని బంగారు రంగులో ఉంటుంది. పక్కనే మంచం మీద శివకృష్ణ కూర్చున్నాడు. సోమలింగం చెల్లెలి కొడుకు, నవతకు బావ. ఆరేళ్ల కింద సాంచ వదిలి, నవత పనిచేసే ఆఫీసులోనే మేనేజరయ్యాడు. ఉమాకాంత్‌ను తెచ్చింది అతనే.

"కేసు అయిపోయింది లస్మయ్యగారూ," అన్నాడు ఉమాకాంత్. "చాయ్ తాగి పోండి. అమ్మాయి మెక్సికో పోనే లేదు."

"బొంబాయిల విమానం కాడ దించి వచ్చిన సార్," అన్నాడు సోమలింగం. రాత్రి పాలీ, అంటే రాత్రి షిఫ్టు, చేసి వచ్చిన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"గేటు లోపలికి పోయిన్రు. విమానం ఎక్కిన్రో లేదో మీరు చూసిన్రా? ఫోటోలు చూడండి. నాలుగు వందల పన్నెండు. ఒక్కదాంట్ల కూడా అమ్మాయి మొఖం లేదు. ఫారిన్ పోయి సెల్ఫీ దిగని పిల్ల ఉంటదా?"

"నా బిడ్డ మొఖం నా బిడ్డకు ఎరుకే. ఫోటో తీసి చూస్కోవాల్నా?" అంది రాజమ్మ.

నేను నవ్వు ఆపుకున్నాను. ఉమాకాంత్ ఆపుకోనవసరం లేకపోయింది.

"అన్ని గోడలు, తలుపులు, కుక్కలు. ఇంటర్నెట్ల ఎవరైనా దింపుకోవచ్చు. పిల్ల ఎక్కడో దగ్గర్లనే ఉన్నది, ఒంటరిగ కూడ లేదు. నిన్న మెసేజ్ వచ్చింది కదా, పది రోజుల్ల వస్తనని. వస్తది. పోలీసు దాక పోతే పోయేది మీ ఇజ్జతే."

"నేను గదే చెప్తున్న మామా," అన్నాడు శివకృష్ణ. "పది రోజులు ఆగుదాం."

గోడకు ఆనుకొని కూర్చుని ఫోటోలు చూశాను. నవత తీసింది తీసినట్టే ఈ ఫోనులోకి వచ్చేలా పెట్టి పోయింది. ప్రతిదాని కింద అక్కడి టైము ఉంది. ఇరవై అయిదు నిమిషాలు చూశాను. ఉమాకాంత్ మూడుసార్లు గడియారం చూసుకున్నాడు.

"ఇది చూడు సార్," అన్నాను. "మొదటి రోజు. ఏడూ నలభైకి పగిలిన నీళ్ల తొట్టి. ఏడూ నలభై అయిదుకు గోడమీద కుక్క బొమ్మ. ఏడూ యాభై రెండుకు నీలం కిటికీ. చూడతగ్గ సంగతి ఒక్కటి లేదు. రెండో రోజు మళ్ల అదే తొట్టి, అదే కుక్క, కిటికీ కాడికి పోయి ఈసారి ఇంకో మూల. మూడో రోజు తొట్టి ఫోటో లేదు. ఎందుకు లేదు?"

"నేనేం చెప్తా?"

"అది నోటికొచ్చేసింది కనక. తెల్వని ఊళ్లె ఒక్కతే నడిచేటోళ్లు తిరిగొచ్చే తొవ్వకు గుర్తులు పెట్టుకుంటరు. ఎక్కడ మలిగితే అక్కడ ఒకటి. మా ఊళ్లె పశువుల ఎంబడి గుట్టకు పోతె మేమూ కొమ్మ విరిచి పెట్టుకుంటుంటిమి. ఊరు చూడపోయినోడు గుడులూ మేడలూ తీస్తడు. ఈ పిల్ల ఊరును నేర్చుకుంటున్నది. దినాం నాలుగు మూలలు ఎక్కువ. పన్నెండో రోజుకు సంత వెనక సందులు కూడ పట్టింది. ఇంటర్నెట్ల దింపుకున్న ఫోటోలు ఇంత వరసగా నడుస్తయా?"

సోమలింగం ముందుకు వంగాడు. నేను ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి ఇదే మొదటిసారి అతని వీపు గోడను వదలడం.

"ఇంకోటి. బట్టల దుకాణాల ఫోటోలు అరవై ఉన్నయి. ప్రతి దాంట్ల ఒక బట్ట మూల తిరగేసి ఉన్నది. పైకి పువ్వు, మూల కాడ వెనక దారాలు. అంగడోడు గట్ల పెట్టుకోడు. కొనేటోడు పువ్వు చూస్తడు. వెనక తిప్పి అంచు చూసేటోళ్లు లోకంల ఒక్కటే జాతి."

"నేసేటోళ్లు," అన్నాడు సోమలింగం నెమ్మదిగా.

"నీ బిడ్డ అక్కడ్నే ఉన్నది. రెండు వారాలు ఎవ్వలి సాయం లేకుంట ఆ ఊరంత కాలినడకన తిరిగింది."

రాజమ్మ కొంగుతో మొహం తుడుచుకొని పొయ్యి దగ్గరికి పోయింది. ఉమాకాంత్ కాలు మీద వేసుకున్న కాలు దించాడు.

"సరే, ఉన్నది. అయితే మెసేజ్ నిజమే కదా? కొండల్ల పల్లెకు పోతున్న, సిగ్నల్ ఉండదు, పది రోజుల దాక ఫోన్ చెయ్యకున్రి. ఆమె నంబరే."

మెసేజ్ చూశాను. బుధవారం సాయంత్రం ఏడు గంటల రెండు నిమిషాలు. కింద ఒక కొండ ఫోటో. అందమైన ఫోటో. ఆ నాలుగు వందల పన్నెండింటిలో అంత అందమైనది ఒక్కటీ లేదు.

దినాం ఆఖరి ఫోటో మాత్రం ఒక్కటే, ఆకుపచ్చ తలుపు. తాను ఉండే సత్రం తలుపు. తిరిగి వచ్చానని తల్లికి గుర్తు. మంగళవారం అక్కడి టైము పొద్దున ఎనిమిదీ నలభైకి ఒక చాయ్ దుకాణం గుమ్మం తీసింది. ఆ తర్వాత ఆకుపచ్చ తలుపు లేదు. ఇంకే ఫోటో లేదు.

"సోమలింగం, నీకు రాత్రి పాలీ ఎప్పట్నుంచి?"

"సోమవారం నుంచి. పదిహేను రోజులైంది కద, పాలీ తిరిగింది."

"అంతకు ముందు బిడ్డ ఎన్ని గంటలకు చేసేది?"

"పొద్దుగూకంగ ఏడింటికి. దిన పాలీ దిగి బయటికి రాంగనే. అక్కడ పొద్దున ఏడున్నర అయితదట. పాలీ తిరగంగనే చెప్పింది, బాపూ, ఇగ పొద్దున ఏడింటికి చేస్త, సాయంత్రం ఏడింటికి నువ్వు సాంచ ఎక్కుతవు కదా అని. మంగళవారం గట్లనే చేసింది."

"సాంచ ఎక్కినంక ఫోను?"

"అంగిల పెట్టి గోడ మొలకు తగిలేస్త. మళ్ల పొద్దున్నే చూసుడు. ఆ మెసేజ్ గూడ ఇయ్యాల పొద్దున్నే చూసిన."

"చూసినవా, సార్?" అన్నాను ఉమాకాంత్‌తో. "ఏడింటికి తండ్రి ఫోను ముట్టడని ఆ పిల్లకు తెలుసు. అయినా ఏడూ రెండుకు మెసేజ్. ఇది పంపినోనికి పాత టైము ఎరుకే. పాలీ తిరిగిన సంగతి ఎరుక లేదు."

"ఆమె నంబర్ నుంచి వేరేటోడు ఎట్ల పంపుతడు?"

"నాకు తెల్వదు. చదువుకున్నోడివి, నువ్వే చెప్పాలె. ఫోను చేతుల లేకుంట ఆ నంబరు మీద మెసేజ్ పంపొచ్చునా?"

తెలిసిన విషయం అడిగితే ఉమాకాంత్ ఆగలేడు. అది నాకు పాత ఎరుకే.

"ఎందుకు పంపరాదు? వాట్సాప్‌ను కంప్యూటర్‌కు కలిపి పెడితే చాలు. ఫోన్ బంద్ అయినా పద్నాలుగు రోజులు నడుస్తది. సింపుల్."

"నవతది ఎన్నడన్న కంప్యూటర్‌కు కలిపి ఉన్నదా?"

పొయ్యి దగ్గర నుంచి రాజమ్మ వెనక్కి తిరగకుండానే అంది. "ఆఫీసుల ఉన్నది. అన్నం తిన్నవా అంటే దాంట్లకెల్లే జవాబిచ్చేది."

నేను శివకృష్ణ మొహం చూడలేదు, చేతులు చూశాను. బొటనవేలు చూపుడువేలుతో కలిసి లేని దారాన్ని నలుపుతోంది. సాంచ మీద పనిచేసినవాడికి గుండె దడ వేళ్లలోకి వస్తుంది.

"ఆఖరిసారి మాట్లాడినప్పుడు ఏమన్నది?" అని సోమలింగాన్ని అడిగాను.

అతను తల వంచాడు. "ఒక ఫోటో పంపిన బాపూ, బట్ట అంచు చూసి చెప్పు అన్నది. నిద్ర మీదున్నన్నా. సరే బిడ్డా అని పండుకున్న. చూడలే."

ఆ ఫోటో వెతికాను. సోమవారం, అక్కడి సాయంత్రం నాలుగూ యాభై. ఒక దుకాణం గుమ్మంలో బట్ట మూలను ఎండకు ఎదురుగా పట్టుకొని తీసింది. ఎర్రటి నేల మీద తెల్ల పువ్వులు. అంచు వెంట సూదిమొన లాంటి చిల్లులు వెలుగుతున్నాయి. నేను దాన్ని పెద్దది చేశాను. లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. ఫోను సోమలింగానికి ఇవ్వకుండా లేచాను.

"కార్ఖానాకు పోదాం పా. అందరం."

*

కార్ఖానా ఇంటికి పది నిమిషాల నడక. అయిదూ ఇరవైకి లోపల ఉన్నాం. నలభై ఎనిమిది సాంచాలు ఆడుతున్నాయి. ఉమాకాంత్ రెండు చెవులు మూసుకున్నాడు. ఏదో అరిచాడు. నాకు వినపడింది, అతనికే అతని మాట వినపడలేదు.

పదకొండో నంబరు సాంచ సోమలింగంది. దిన పాలీలో దాన్ని ఆగయ్య నడుపుతాడు. సాంచ మీద ఎర్రటి నేల, తెల్ల పువ్వు నేస్తున్నది.

నేను వంగి అంచు చూశాను. బట్ట ముడుచుకోకుండా రెండు అంచులనూ లాగి పట్టడానికి ప్రతి సాంచకు అటొకటి ఇటొకటి ముళ్ల చక్రాలుంటాయి. ముల్లు గుచ్చుకున్న చోటల్లా అంచులో చిల్లు పడుతుంది. రెండేళ్ల కింద ఈ సాంచకు ఎడమ చక్రం బిగించింది నేనే. పాతది. ఇరవై ముళ్లలో ఒకటి విరిగి ఉంది, దాని పక్కది వంగి ఉంది. ఈ కార్ఖానాకూ రింగురోడ్డు ఆఫీసుకూ యజమాని ఒక్కడే, సేఠు; కొత్తది కొనమని ఆయనకు చెప్పాను, వినలేదు. విరిగినా చక్రం తిరుగుతుంది కదా అన్నాడు. పద్దెనిమిది చిల్లులు సరిగా పడతాయి, పంతొమ్మిదోది లోపలికి జరుగుతుంది, ఇరవయ్యోది పడదు. మళ్లీ పద్దెనిమిది. ప్రపంచంలో ఇంకే సాంచకూ ఆ రాత ఉండదు. వహాకాలో ఎండకు పట్టిన బట్ట మీద నేను లెక్కపెట్టింది అదే.

కాని ఇప్పుడు సాంచ మీదున్న చక్రం మెరుస్తోంది. ఇరవై ముళ్లూ ఉన్నాయి. బోల్టు చుట్టూ నూనె తడి ఆరలేదు.

నేను తలెత్తాను. ఆగయ్య సాంచ అవతలి పక్క నుంచి నన్నే చూస్తున్నాడు. ఈ చప్పుడులో మేం చెవులతో వినం, పెదవులు చూసి మాట్లాడుకుంటాం. శివకృష్ణ నా వెనక నిలబడి ఉన్నాడు. నా తల అడ్డం, ఆగయ్య పెదవులు అతనికి కనపడవు.

ఎప్పుడు మార్చిన్రు, అని నేను పెదవులు కదిపాను.

పొద్దున పదింటికి, అన్నాడు ఆగయ్య. శివకృష్ణ పంపిండు, నీ జాగల వచ్చిన కొత్త జాబర్ బిగించిండు. రెండేళ్లు మొత్తుకున్నా మార్చని సేఠుకు ఇయ్యాల ఏం గుర్తొచ్చిందో.

బట్ట కోసిన్రా?

ఆగయ్య నన్ను వెర్రివాణ్ని చూసినట్టు చూశాడు. తాకా నిండలేదు కదా, ఎట్ల కోస్తరు?

తాకా అంటే ఒక నిండు చుట్ట బట్ట. అది నిండకుండా మావాళ్లు కత్తెర పెట్టరు. ఇల్లు కాలినా పెట్టరు. నేను సాంచ ఆపి, చుట్టిన బట్టను చేత్తో వదులు చేసి విప్పాను. మూడు మీటర్ల దాకా అంచు చిల్లులు నిండుగా ఉన్నాయి. తర్వాత ఒక చోట పద్దెనిమిది, లోపలికి జరిగినది, ఖాళీ. పద్దెనిమిది, లోపలికి జరిగినది, ఖాళీ. అట్లా చుట్ట లోపలి దాకా.

ఫోనులోని ఫోటో దాని పక్కన పెట్టి సోమలింగానికి చూపించాను. అతను చూశాడు. చాలాసేపు చూశాడు. వేలితో ఆ ఖాళీని తడిమాడు. అతని పెదవులు కదిలాయి.

నేను నేసిన బట్ట. నా కంటె ముందు పోయింది అక్కడికి.

*

నూలు పెట్టే గదిలోకి పోయి తలుపు వేసుకున్నాం. చప్పుడు సగం తగ్గింది. అయిదూ నలభై.

"కూసో శివకృష్ణా."

"నేనేం జేసిన కాకా? చక్రం ఖరాబైతే మార్పియ్యద్దా?"

"మార్పియ్యాలె. రెండేళ్ల కింద. ఇయ్యాల కాదు."

"ఇది దౌర్జన్యం," అన్నాడు ఉమాకాంత్. "నా క్లయింట్‌ను అడగడానికి మీరెవరు? ఆ ఫోన్ ఇటివ్వండి, అది ఎవిడెన్స్. నా దగ్గర ఉండాలె."

"నీ క్లయింట్ నీకు ఏం చెప్పిండు సార్? పిల్లను వెతకమన్నడా, పది రోజులు ఇంటోళ్లను ఆపమన్నడా?"

ఉమాకాంత్ శివకృష్ణ వైపు తిరిగాడు. ఆ చూపులో మొదటిసారి ఒక డిటెక్టివ్ కనిపించాడు నాకు.

"భాయ్," అన్నాడు మెల్లగా. "పది రోజులు అని నాకు సోమవారమే చెప్పినవు. మెసేజ్ వచ్చింది బుధవారం."

శివకృష్ణ వేళ్లు నలపడం ఆగింది.

"చెప్పు బిడ్డా," అన్నాను. "నువ్వు పాలీ మరిచిపోయినవు. సాంచ వదిలి ఆరేండ్లాయె, పదిహేను రోజులకోసారి పొద్దు రాత్రవుతదని నీ ఒంటికి గుర్తు లేదు. కాని తాకా మీద కత్తెర పెట్ట చేతకాలే. ఒక్క వేటుతోని అయిపోయేది. పెట్టలే. ఎంత మేనేజరైనా నేసేటోని కొడుకువే. గందుకే అడుగుతున్న, చెప్పు."

అతను నేలను చూస్తూ చెప్పాడు. ఈ కార్ఖానాలో నేసిన, నేతలోనే పువ్వు దిగే జకార్డు బట్ట ప్రణయ్ అనేవాడి ద్వారా ఆ దేశం పోతుంది. అక్కడి దుకాణంలో అది పల్లె ఆడవాళ్లు నెలల తరబడి చేత్తో నేసిన బట్ట అయిపోతుంది. గీసింది నవత, నేసింది సోమలింగం. ఇద్దరికీ తెలియదు. నవత పోయింది సెలవు మీద కదా, ఊరు చూసి వస్తుందనుకున్నారు. సోమవారం రాత్రి అంచు ఫోటో శివకృష్ణకు కూడా పంపింది, బావా ఇది మన బాపు సాంచ కాదా అని. ప్రణయ్ అప్పటికే ఆ ఊళ్లో ఉన్నాడు.

"ఆడ సోమవారం రాత్రంటె మనకు మంగళవారం పొద్దు," అన్నాడు ఉమాకాంత్. "నన్ను పెట్టుకున్నది అంతకు ముందే."

"ఆ పిల్ల దుకాణాలు పట్టుకొని తిరుగుతున్నదని సేఠుకు ముందే భయం పట్టింది సార్, ఏమన్నయితే ఇంటోళ్లను పది రోజులు ఆపాలన్నడు. నేను మెసేజే పంపిన కాకా, అమ్మ తోడు. ప్రణయ్ భాయ్ మాట్లాడి సముదాయిస్తనన్నడు. ఆమె ఎటో పోయిందట. రెండు రోజులుగ వెతుకుతున్నడు. దొరకలే."

సోమలింగం లేచాడు. మేనల్లుడిని కొడతాడనుకున్నాను. కొట్టలేదు. అతని ముందు నిలబడి ఒకటే అడిగాడు.

"దొరకలేదా?"

"దొరకలే మామా."

"వాడు కారుల తిరుగుతున్నడా, నడిచి తిరుగుతున్నడా?"

"కారుల."

"అయితె దొరకది," అన్నాడు సోమలింగం. ఆ మాటలో భయం ఉంది. భయం కంటే ఒక వేలు పైన ఇంకోటి ఉంది. పువ్వు తప్పు లేకుండా దిగిన తాకా అప్పగించేటప్పుడు అతని గొంతు అట్లాగే ఉంటుంది.

అప్పుడు ఆరూ ఇరవై. నా చేతిలోని ఫోను మోగింది. కొత్త నంబరు. ముందు యాభై రెండు అని ఉంది. ఉమాకాంత్ వంగి చూసి, "మెక్సికో," అన్నాడు. నేను స్పీకర్ పెట్టాను.

"బాపూ?"

సోమలింగం ఫోనుకు రెండు చేతులూ అడ్డం పెట్టాడు, గాలి తగులుతుందన్నట్టు. నేనే అన్నాను.

"లస్మయ్యను బిడ్డా. మీ బాపు పక్కనే ఉన్నడు. మంచిగున్నవా?"

"మంచిగున్న పెద్దబాపు. ఈడ పొద్దున ఆరూ యాభై. ఊళ్లె ఒక్కల ఫోన్ల నుంచి బయటి దేశం కలుస్తలేదు. ఇయ్యాల బడి టీచరమ్మ ఫోన్ దొరికింది. అమ్మ రంది పడ్డదా?"

"నీ ఫోనేమైంది?"

"ప్రణయ్ అనేటోడు మంగళవారం చాయ్ తాగుదామని పిలిచిండు. బావ దోస్తునన్నడు. ఫోటో చూపియ్యమని ఫోన్ తీస్కొని జేబుల ఏస్కున్నడు. సూరత్ పోయినంక ఇస్త, నోరు మూస్కొని విమానం ఎక్కు అన్నడు. నేను కొట్లాడలే. బ్యాగు తగిలిచ్చుకొని లేచి నడిచిన. వాడు ఎంబడి పడ్డడు. వానికి పటం ఫోన్ల ఉన్నది, నాకు కాళ్లల్ల ఉన్నది. మూడు మూలలు మలిగేసరికి వాడు లేడు."

ఉమాకాంత్ నా వైపు చూడలేదు. బూట్ల వైపు చూసుకున్నాడు.

"సంతల నడుముకు మగ్గం కట్టుకొని నేసే అవ్వ దగ్గరికి పోయిన. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. ఫోటో తీసిన ఆ బట్టను కొనుక్కుంటి, దాని అంచు తిప్పి చూపిచ్చిన. వేలు పెట్టి చూసింది. ఇగ ఏం అడగలే. వాళ్ల పల్లెకు తీస్కపోయింది. వాళ్లు నాలుగు నెలలు నేసే పువ్వు బాపూ. ఆ దుకాణంల మనది వాళ్ల పేరు మీద అమ్ముతుంటె వాళ్లది ఎవ్వలు కొంటలేరు." మళ్లీ తండ్రిని పిలిచింది. "బాపూ, వింటున్నవా?"

"వింటున్న బిడ్డా."

"ఇంకో రెండు గంటల్ల ఆ దుకాణం తెరుస్తరు. నేసేటోళ్లందరు ముందర కూసుంటున్నరు. పేపరోళ్లు గూడ వస్తరట. ఇది చేత్తో నేసింది కాదు, సూరత్ల సాంచ మీద నేసిందని నేను లేచి చెప్పాలె. ఎవలు నేసిన్రు అని అడుగుతరు. పేరు చెప్పకుంటె నమ్మరు. చెప్తె నీ పని పోతది. ఇంకెక్కడ పెట్టుకోరు నిన్ను. చెప్పాల్నా, వద్దా? నువ్వు వద్దంటె చెప్ప."

శివకృష్ణ తలెత్తాడు. "మామా, వద్దు. సేఠు ఊరుకోడు. మన మనుషులు అందరు ఈ పని మీదనే బతుకుతున్నరు."

సోమలింగం అతని మాట విన్నాడు. తలుపు అవతల ఆడుతున్న సాంచాల చప్పుడు విన్నాడు. ఇరవై ఆరేళ్లుగా అది అతని అన్నం చప్పుడు. అంత చప్పుడుకు అలవాటైన మనిషి గనుక గట్టిగా, దాదాపు అరిచి చెప్పాడు.

"చెప్పు బిడ్డా. కూర సోమలింగం. సూరత్, భేస్తాన్. పదకొండో నంబరు సాంచ. దొంగతనం నాది కాదు, నేత నాది. తప్పు లేకుంట నేసిన అని గూడ చెప్పు."

అటు నుంచి ఊపిరి వినిపించింది. నవ్వో, ఏడుపో.

అప్పుడే నలభై ఎనిమిది సాంచాలూ ఒక్కసారి ఆగిపోయాయి.

కరెంటు పోలేదు. మా నెత్తి మీద బల్బు వెలుగుతూనే ఉంది. ఏడింటికి ఇంకా అరగంట ఉంది. అంత నిశ్శబ్దాన్ని నేను ఆ కార్ఖానాలో ముప్పై ఏళ్లలో వినలేదు.

"మెయిన్ ఎవలో గుంజిన్రు," అన్నాను.

"సేఠు. తాకా విప్పింది ఎవలో చెప్పిన్రు," అన్నాడు శివకృష్ణ. పెదవులు మాత్రమే కదిలాయి.

నేను తలుపు దగ్గరికి పోయి తోశాను. రాలేదు. భుజం పెట్టి తోశాను. బయట గడియ పడి ఉంది. గడియ అవతల మనుషులు ఉన్నారు, ఇద్దరు, ముగ్గురు. ఒకడు తాళం వేస్తున్నాడు. ఉమాకాంత్ నన్ను పక్కకు జరిపి, తన వీపు తలుపుకు ఆనించి, జేబులోంచి తన ఫోను తీసి రికార్డింగ్ నొక్కి సోమలింగం వైపు పట్టాడు.

"బాపూ, ఏమైంది? సాంచాలెందుకు ఆగినయి?" సముద్రం అవతల నుంచి నవత అడిగింది.

సోమలింగం నూలు పెట్టె మీద కూర్చున్నాడు. ఇప్పుడు అరవాల్సిన పని లేదు. మామూలు గొంతుతో అన్నాడు.

"ఏం కాలే బిడ్డా. చప్పుడుల సరిగ వినపడ్డదో లేదో. కాయిదం తీస్కో, మళ్ల చెప్త. రాస్కో."